మా తోడికోడలు కొలిచిన కరెంటు

పోయిన నెల ఒక మధ్యాహ్నం, భోజనం చేసి కాస్త నడుం వాలుద్దామనుకుంటున్న వేళ, మధురానగర్‌లోని మా ఇంటి ముందు ఒక కారు ఆగింది. దిగినాయనకు నలభై దాటి ఉంటాయి. ఫిల్మ్‌నగర్‌లో తనకొక రికార్డింగ్ స్టూడియో ఉందనీ, పాతకాలపు టేపు మెషీన్ ఒకటి ఎంతో ఇష్టపడి సంపాదించాననీ, అది అమెరికా కరెంటు మీద నడిచేది కనుక దానికి ప్రత్యేకంగా ఒక ట్రాన్స్‌ఫార్మర్ చేయించాలనీ, ఈ వీధిలో ఒకప్పుడు అలాంటివి చేసే ఇల్లు ఉండేదని తన గురువుగారు చెప్పారనీ ఎంతో వినయంగా చెప్పుకొచ్చాడు. నాకు ఒళ్ళు పులకరించింది. కుర్చీ చూపించి, కాఫీ పెట్టమని కోడలికి చెప్పబోతున్నాను, సరిగ్గా అప్పుడు ఆయన అన్నాడు: "చిన్నమ్మగారు ఉన్నారాండీ? ప్రైమరీ ఎంత పెట్టాలో ఆవిడే చెప్పాలట."

చిన్నమ్మగారంటే మా తోడికోడలు. ఈ వయసులో, మోకాళ్ళ నొప్పులూ కంటి ఆపరేషన్లూ అన్నీ అయ్యాక, లోకం మీద ఆశలన్నీ తగ్గాయని నేను నలుగురిలో చెప్పుకునే ఈ రోజుల్లో, ఆ ఒక్క మాటకు నా గుండెలో చురుక్కుమంది. ఆవిడ శ్రీనగర్ కాలనీలో కొడుకు దగ్గర ఉంటోందని చెప్పి, ఫోన్ నంబరు రాసిచ్చి ఆయన్ని పంపించేశాను. కాఫీ సంగతి మరిచిపోయాను. మీ దగ్గర దాచడమెందుకు, మరిచిపోలేదు.

మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే ఇటు తరలివస్తున్న రోజులవి. ఫిల్మ్‌నగర్ అప్పటికింకా సగం ఇళ్ళు, సగం బండరాళ్ళు. జూబ్లీ హిల్స్‌లో సాయంత్రం అయిదు దాటితే రోడ్డు మీద మనిషి కనిపించేవాడు కాదు. మా మామగారు మద్రాసులో ఒక స్టూడియోలో కరెంటు విభాగంలో ఎన్నో ఏళ్ళు పనిచేసి, తనకు తెలిసినవాళ్ళంతా కదులుతుంటే వాళ్ళ వెనకే తానూ వచ్చి, మధురానగర్‌లో ఇల్లు కట్టుకుని, పెరట్లో రేకుల షెడ్డు వేసి ట్రాన్స్‌ఫార్మర్ల పని మొదలుపెట్టారు. ఇక్కడికి వచ్చాక ఆయనకు వెలితిగా తోచింది ఒక్క సముద్రపు గాలేనట. ఆ మాట రోజుకొకసారైనా అనేవారు, వెంటనే చెమట పట్టని ఈ ఊరి చలికాలాన్ని మెచ్చుకునేవారు.

ఆ పనేమిటో నాలుగు మాటల్లో చెప్పాలి. అమెరికా నుంచి వచ్చిన రికార్డింగ్ మెషీన్లకు నూటపదిహేడు ఓల్టులు కావాలి, జపాన్ వాటికి నూరు చాలు, మన గోడలోంచి వచ్చేదేమో రెండువందల చిల్లర. అందుకని మధ్యలో ఒక ఇనుప దిమ్మ, దాని చుట్టూ రెండు రాగితీగ చుట్టలు పెడతారు. కరెంటు లోపలికి వెళ్ళే చుట్ట ప్రైమరీ, బయటికి వచ్చేది సెకండరీ. సెకండరీకి ఎంత కావాలో మెషీన్ వెనకాల రాసే ఉంటుంది కనుక దాంతో పేచీ లేదు. చిక్కంతా ప్రైమరీతోనే. ఆ చోట గోడలోంచి నిజంగా ఎంత వస్తుందో దానికి తగ్గట్టు చుట్టాలి. తక్కువ వచ్చేచోట ఎక్కువకు చుడితే మెషీన్ నీరసించి ఆగిపోతుంది. ఎక్కువ వచ్చేచోట తక్కువకు చుడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేంత వేడెక్కి, తేనెపట్టు కదిలించినట్టు రొద పెడుతుంది.

నాది గుడివాడ పక్క. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివిన ఆడపిల్లలం మా తరగతిలో ఇద్దరమే. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు మా మామగారు నన్ను పాట పాడమనలేదు, ఓమ్స్ లా చెప్పమన్నారు. చెప్పాను. అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకుందామన్నారు. కాపురానికి వచ్చిన వారానికే షెడ్డులో నాకొక బల్ల, కుర్చీ, లెక్కల పుస్తకం అమరాయి. ఇనుము ఎంత మందం ఉండాలి, తీగ ఏ గేజ్, ఓల్టుకు ఎన్ని చుట్లు అన్నీ నేనే కట్టేదాన్ని. మా వారు బయట పార్టీలను చూసుకునేవారు, మా మరిది సరుకు తెచ్చేవాడు. ఎవరైనా వస్తే మామగారు నా బల్ల వైపు చెయ్యి చూపించి, "మా పెద్దకోడలు లెక్క కట్టిందంటే రాతి మీద గీతేనండీ" అనేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ తల వంచుకుని పెన్సిల్ చెక్కుకునేదాన్ని గానీ, కొసరు మాట ఇంకేమైనా అంటారేమోనని చెవులు అటే పెట్టేదాన్ని.

అలా నాలుగేళ్ళు రాణిలా వెలిగాక మా మరిదికి పెళ్ళయింది. పిల్లది సిద్దిపేట దగ్గర పల్లె. పదో తరగతి చదివింది. తండ్రి బోరు మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. ఆమె నోట "వచ్చిండు, పోయిండు" అని వినగానే మా ఇంట్లో అందరూ ముసిముసిగా నవ్వేవాళ్ళు, నేను ఇంకాస్త ఎక్కువ నవ్వేదాన్ని. మూడు నెలలు తిరక్కుండానే ఆమె చేతుల సంగతి తెలిసింది. తీగ చుడుతుంటే ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కేది కాదు, పూసలు గుచ్చినట్టు కూర్చునేది. చేతుల నేర్పేగా, పోనీలే అనుకున్నాను. కానీ ఆమె మాట్లాడడం కూడా మొదలుపెట్టింది.

ఒకరోజు నా లెక్క కాగితం పట్టుకుని వచ్చి అడిగింది: "అక్కా, గీడ రెండువందల ఇరవై అని రాసినవ్. గాడ గంతనే వస్తదని ఎట్ల ఎరుక?"

"వాళ్ళే కాగితం మీద రాసిచ్చారమ్మా" అన్నాను.

"కాగితం రాసేటోళ్ళు కరెంటు జూసి రాస్తరా అక్కా? మా నాయిన మోటర్ కట్టేముందు బాయికాడికి వోయి మీటర్ పెట్టి జూస్తుండె. ప్లేటు మీద రాసింది గాదు బిడ్డా, తీగల వచ్చేది జూడాలె అంటుండె."

తలుపు దగ్గర నిలబడి విన్న మామగారు కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళలో నాకీ మాట చెప్పినవాళ్ళు లేరు" అన్నారు. అని ఊరుకున్నా బాగుండేది. లోపలికి వెళ్ళి, మద్రాసు నుంచి తెచ్చుకున్న తన మీటరును తోలు సంచీతో సహా తెచ్చి ఆమె భుజానికి తగిలించారు. ఆ మీటరును నాలుగేళ్ళలో నేను దుమ్ము తుడవడానికి తప్ప ముట్టుకుని ఎరగను.

అప్పటి నుంచి నాకు ఆమెలో ప్రతిదీ కంటగింపుగానే కనిపించింది. వంటింట్లో కూడా అంతే. నేను చేసిన గోంగూర పప్పుకు మా వైపు ఎవరూ వంక పెట్టి ఎరగరు, మామగారు మాత్రం ఆమె గిన్నెకు అద్ది కాల్చిన సర్వపిండి కోసం సాయంత్రం నాలుగింటికే షెడ్డులోంచి వచ్చి కూర్చునేవారు. ఆయనకు పళ్ళు సరిగ్గా లేవు, గట్టివి తినకూడదని నేను అత్తగారితో అన్నాను. ఆయన ఆరోగ్యం మీద అక్కరతో అన్నానని ఆవిడ మెచ్చుకున్నారు.

ఇంతలో ఫిల్మ్‌నగర్‌లో కొత్తగా కట్టిన డబ్బింగ్ థియేటర్ నుంచి పెద్ద పని వచ్చింది. అమెరికా నుంచి టేపు మెషీన్, దాని సరంజామా దిగాయట. మా తోడికోడలికి అప్పుడు ఏడో నెల. అయినా మామగారి వెంట వెళ్ళి, అక్కడ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి మీటరు పెట్టి చూసి వచ్చింది. మామగారు థియేటరువాళ్ళతో మాటల్లో ఉండిపోయి అంకెలు అడగలేదు. మర్నాడే ఆమెకు సీమంతం, ఆ తర్వాత పుట్టింటి ప్రయాణం. బయల్దేరేముందు చీర కొంగు సర్దుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చి ఒక చీటీ ఇచ్చింది. గుండ్రటి అక్షరాలతో మూడు పూటల కొలతలు, రెండువందల నలభై ఆరు, యాభై, యాభై రెండు అని ఉన్నాయి. కింద, ఎంతకు చుట్టాలో కూడా ఉంది.

"వాళ్ళ గోడ పక్కన్నే వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఉందక్కా. దూరం ఇండ్లకు సరిపోవాలని జర ఎక్కువ వదులుతున్నరు. రెండువందల యాభైకి పెట్టు. నడుమల ఇంకో రెండు తీగలు గుంజు, రెండువందల ముప్పైకొకటి, పదికొకటి. రేపు తక్కువొచ్చినా తీగ మార్చుకుంటే అయితది, ఫికర్ ఉండదు" అని నోటితో కూడా చెప్పి వెళ్ళింది.

ఆమె చెప్పింది సరైనదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఇది ముఖ్యం, ఎందుకంటే తర్వాత ఎన్నో ఏళ్ళు నేను తెలియక చేశానని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. బండి మలుపు తిరిగాక చీటీని లెక్కల పుస్తకంలో చివరి పేజీలో పెట్టాను. థియేటరువాళ్ళ కాగితం తీసి ముందు పెట్టుకున్నాను. దాని మీద రెండువందల ఇరవై అని అచ్చులో ఉంది. డిప్లొమా చదివిన నేను, బావి దగ్గర మోటార్లు కట్టేవాడి కూతురు చెప్పినట్టు రాయడమా అనుకున్నాను. రెండువందల ఇరవై అని రాశాను. షెడ్డులో పాత పనివాడు ఒకాయన ఉండేవాడు, ఆయనే చుట్టాడు.

బిగించిన రెండో రోజే కబురు వచ్చింది. మామగారు వెళ్ళేసరికి థియేటరులో పని ఆగిపోయి ఉందట. డబ్బింగ్ చెప్పడానికి వచ్చిన పెద్దావిడ, ఎంతో పేరున్న నటి, గంట నుంచి కుర్చీలో ఖాళీగా కూర్చుని ఉన్నారట. ఆవిడ చెప్పిన ప్రతి డైలాగు వెనకా "ఊఁ" అని సన్నని రొద. సౌండు ఇంజనీరు అందరిముందూ, "ఏంటండీ ఇది, మద్రాసు అనుభవం అన్నారు!" అన్నాడట. మామగారు ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి పెట్టి వెంటనే తీసేశారు. మీటరు పెడితే రెండువందల యాభై రెండు.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా నా బల్ల ముందు నిలబడ్డారు. "అమ్మాయ్, చిన్నమ్మాయి ఎంతని రాసిచ్చింది?"

పుస్తకం నా మోచేతి కింద ఉంది. చీటీ అందులో ఉంది. "రెండువందల ఇరవై అనే అనుకుంటానండీ" అన్నాను.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన మాత్రం, "పాపం, ఒట్టి మనిషి కాదు కదా. నిలబడలేక తొందరలో చూసి ఉంటుంది. తప్పు నాది, ఆ స్థితిలో తీసుకెళ్ళకుండా ఉండాల్సింది" అన్నారు. చూశారా, తప్పును ఆమె మీదికి నెట్టినా ఆమెకు దక్కింది ఆయన ప్రేమే. మీటరును మాత్రం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇకమీదట ఇది నువ్వే చూసుకో" అన్నారు. నాలుగేళ్ళు కోరుకున్నది చేతికి వచ్చింది.

రెండో ట్రాన్స్‌ఫార్మర్ లెక్క కట్టడానికి ఆ రాత్రి చీటీ బయటికి తీశాను. రెండువందల యాభై, మధ్యలో ముప్పైకొకటి, పదికొకటి. ఒక్క అంకె మార్చలేదు. అది బిగించాక గది నిశ్శబ్దంగా అయిపోయిందట. ఆ సౌండు ఇంజనీరే స్వయంగా మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చి, "పెద్దమ్మగారూ, కాపాడారు" అని చేతులు జోడించాడు. మామగారు మళ్ళీ రాతి మీద గీత మాట అన్నారు. ఫిల్మ్‌నగర్‌లో ఆ నోటా ఆ నోటా పాకి, మూడు తీగల ట్రాన్స్‌ఫార్మర్ కావాలని ఇంకో ముగ్గురు నలుగురు వచ్చారు. ఆ లెక్క కాగితాన్ని మామగారు షెడ్డు గోడకు అంటించారు.

అయిదో నెలలో మా తోడికోడలు చంటిపిల్లతో తిరిగి వచ్చింది. పిల్లకు నీళ్ళు పోసి, పడుకోబెట్టి, అలవాటుగా షెడ్డులోకి వచ్చింది. గోడమీది కాగితం ముందు నిలబడి అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంది. జరిగిందంతా మా మరిది ఆమెకు ముందే చెప్పాడని నాకు తెలుసు. తల తిప్పి నా వైపు చూసి, "మంచిగ రాసినవ్ అక్కా" అంది. అంతే. వెళ్ళి తీగ చుట్టడానికి కూర్చుంది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె ఎప్పుడు నోరు తెరుస్తుందా అని కాచుకున్నాను. తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. అరిచి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని, ఆమె పుట్టింటిని ఎత్తేదాన్ని, అంతటితో మనసు తేలికపడేది. ఆమె ఊరుకోవడంతో నాకు కొత్త మంట మొదలైంది. అలా ఊరుకోగలగడం నాకు చేతకాదు. దాని మీద కూడా అసూయే.

నెల తర్వాత జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత ఇల్లు కట్టుకుంటూ, అందులోనే సినిమా వేసి చూసుకునే చిన్న హాలు పెట్టిస్తూ, "పెద్దమ్మగారిని" పిలుచుకురమ్మని కారు పంపాడు. మామగారూ నేనూ వెళ్ళాం. ఇంకా పూత కాని గోడలు, ఇసుక కుప్పలు, పక్కన కొత్తగా గృహప్రవేశమైన పెద్ద పెద్ద ఇళ్ళు. మధ్యాహ్నం మూడు గంటలకు మీటరు పెట్టాను. రెండువందల ముప్పై రెండు. అక్కడి ఇంజనీరు నోటుబుక్కు తెరిచి, "చెప్పండమ్మా, ప్రైమరీ ఎంత వేద్దాం?" అని అడిగాడు.

రెండువందల ముప్పై అనడం ఎంత తేలిక! నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె చీటీలో మూడు పూటల అంకెలుండటం గుర్తొచ్చింది. సాయంత్రందాకా ఆగినా, ఇంకేం చూడాలో, ఎవరిని ఏం అడగాలో నాకు తెలియదని ఆ ఇసుక కుప్ప పక్కన నిలబడి తెలుసుకున్నాను. మళ్ళీ ఒకరి పని ఆగిపోవడం, మామగారు మళ్ళీ వేడి ఇనుము మీద చెయ్యి పెట్టి తీసేయడం కళ్ళముందు కదిలాయి.

"మా తోడికోడలు వచ్చి చూడాలండీ" అన్నాను.

మామగారు ఆశ్చర్యపోయారు. "ఆమె చూసిందే కదా అమ్మాయ్ అప్పుడు తప్పింది?"

"తప్పలేదు మామయ్యగారూ. ఆమె రెండువందల యాభై అనే రాసిచ్చింది. ఇరవై అని వేసింది నేను. రెండోసారి వేసినవి కూడా ఆమె అంకెలే."

ఇంజనీరు నోటుబుక్కు మూసి, మర్యాదగా ఏదో పనున్నట్టు పక్కకు వెళ్ళాడు. మామగారు నన్ను చూడలేదు. డ్రైవరును పిలిచి, "బాబూ, మధురానగర్ వెళ్ళి మా చిన్నకోడల్ని తీసుకురా" అని మాత్రం అన్నారు.

ఆమె పిల్లనెత్తుకుని దిగింది. దిగగానే మీటరు అడగలేదు. ముందు వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుందో చూసింది, చాలా దూరాన ఉంది. తర్వాత పక్కింటి వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి, "అన్నా, పొద్దుగూకినంక మీ కరెంటు బుగ్గలు డిమ్ము గొడ్తయా?" అని అడిగింది.

"ఏం జెప్పాలె చెల్లే! ఏడు గొట్టంగనే అందరూ ఏసీలు జేస్తరు. నా రూముల ఫ్యాను రెక్కలు లెక్కవెట్టొచ్చు" అన్నాడతను.

ఏడయ్యేదాకా అందరం అక్కడే ఉన్నాం. పిల్లను నాకిచ్చి మీటరు తీసుకుంది. వెలుతురు సన్నగిల్లుతుంటే ముల్లు దిగుతూ దిగుతూ నూట ఎనభై ఎనిమిది దగ్గర నిలబడింది. నేను రెండువందల ముప్పై అని చెప్పి ఉంటే ఆ హాల్లో మెషీన్ ఒక్క సాయంత్రం కూడా నడిచేది కాదు. పిల్ల నా భుజం మీద నిద్రపోయింది. దానికి ఆమె పోలికే.

"అంతా చెప్పేశాను మామయ్యగారికి" అన్నాను మెల్లగా.

"ఎందుకు జెప్పినవక్కా? నేను మర్చిపోయిన గదా" అంది. మీటరు తీగలు చుట్టి సంచీలో పెట్టి, "మర్చిపోలే. మర్చిపోదామనుకున్న" అంది.

మామగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు ప్రెస్సులో కొత్త కాగితాలు అచ్చు వేయించారు. ప్రతి కాగితం కింద రెండు సంతకాల చోటు. పైన "ఓల్టేజి: చిన్నకోడలు", దాని కింద "లెక్క: పెద్దకోడలు." ఆయన పోయేదాకా, ఆ తర్వాత షెడ్డు మూసేదాకా, కొన్ని వందల కాగితాల మీద ఆమె పేరు కింద నా పేరు రాశాను. ఒక్కసారి కూడా హాయిగా రాయలేదు. ఒప్పుకున్నాక అసూయ పోతుందని పెద్దవాళ్ళంటారు గానీ, నాకు పోలేదండీ. అబద్ధం ఆడే అవసరం ఒక్కటే పోయింది.

ఇప్పుడొచ్చే మెషీన్లు ఏ ఊరి కరెంటునైనా సర్దుకుని నడుస్తాయి. నూరు వచ్చినా సరే, రెండువందల నలభై వచ్చినా సరే. ఫిల్మ్‌నగర్ బండలన్నీ పోయి అద్దాల మేడలు లేచాయి. ఏ స్టూడియోకూ ముందుగా ఒక మనిషి వెళ్ళి మూడు పూటలు కూర్చుని చూడాల్సిన పని లేదు. మా షెడ్డు ఉన్నచోట మా అబ్బాయి కారు నిలుపుకుంటున్నాడు. అత్తమామలు లేరు, మా మరిదీ పోయాడు, ఇల్లు పంచుకున్నాక ఆమె శ్రీనగర్ కాలనీ వెళ్ళిపోయింది. మధ్య ఉన్నది రెండు మూడు కిలోమీటర్లే అయినా, కారూ డ్రైవరూ కుదిరితే తప్ప మోకాళ్ళు పడనివ్వవు కనుక ఏడాదికి రెండుసార్లు చూసుకుంటే గొప్ప.

ఈ ఇంట్లో ఇప్పుడు నాకు సాటి ఎవరూ లేరు. నేను వండిందే రుచి, నేను చెప్పిందే మాట. నేను ఏ చిన్న పని చేసినా మనవలూ కోడలూ తెగ మెచ్చుకుంటారు. వాళ్ళు మెచ్చుకున్నప్పుడల్లా, ఆమె విన్నదా లేదా అని పాత అలవాటు కొద్దీ ఓరకంట పక్కకు చూస్తాను. అక్కడ ఎవరూ ఉండరు. ఆ మెప్పు చప్పగా ఉంటుంది.